రాజుగారి కారుకు పట్టిన తుప్పు

అనగా అనగా, గుర్రపు బగ్గీల కాలం దాటి, మోటారు కార్లు కూడా ముసలివైన రోజుల్లో, ఒక కొండ మీద చిన్న రాజ్యం ఉండేదర్రా. దాని రాజు మల్లభూపతి. తాతగారు తిరిగిన పాత కారంటే ఆయనకు ప్రాణం. కారు ఒంటికి నల్లరంగు ఉంది. కానీ ముందు దీపాల చట్రాలకు, తలుపు బందులకు, బోల్టులకు, కింద బ్రేకు కడ్డీకి ఏ రంగూ లేదు. ఉత్త ఇనుము. ఆ ఏడాది వానలకు ఆ ఇనుమంతా ఎర్రగా తుప్పు పట్టింది.

ఆ రాజ్యంలో విజయదశమినాడు కత్తులతో పాటు కారుకూ ఆయుధపూజ చేస్తారు. పూజ కాగానే రాజు రాణినీ పిల్లలనూ ఎక్కించుకుని, మలుపుల కొండదారి ఘాటీ దిగి, ఏటి ఒడ్డుకు వెళ్లాలి.

రాజు బండ్లశాల కాపరులు ముగ్గురినీ పిలిచాడు.

"ముందు భాగం గవరయ్యది. తలుపులు లింగన్నవి. కింది భాగం తవిటమ్మది. పండగనాడు ఎవరి పనిలో లోపం కనిపిస్తే వాళ్ల కొలువు పోయినట్టే!"

 తవిటమ్మకు ఆ కొలువే కూడు.

గవరయ్య తుప్పు జోలికే పోలేదు. దాని మీద వెండిరంగు పూసేసి కాళ్లు చాపుకున్నాడు. లింగన్న ఆకురాయి పట్టాడు. బందులు తళతళలాడేదాకా కరకర రాకాడు. తుప్పుతో పాటు ఇనుమూ రాలింది.

తవిటమ్మ కడ్డీని, బోల్టులను ఊడదీసి, ఇత్తడి బిందెలకు పట్టించినట్టే చింతపండు గుజ్జు పట్టించింది. కాసేపాగి రుద్దితే తుప్పు కరిగి జారిపోయింది! సంబరంగా కడిగి, బిందెల్లాగే తడితో ఎండలో పెట్టింది. తెల్లారేసరికి మళ్లీ ఎర్రటి పొర.

గవరయ్య పకపక నవ్వాడు. "ఏటే తవిటమ్మా, ఇనుముతో పులుసు కాస్తన్నావా? రంగు పూసెయ్. ఎవులు గోకి చూస్తారు?"

"ఇత్తడి ఊరుకుంటాది, ఇనుమెందుకు ఊరుకోదు మావా? అది తెల్సుకోవాల," అంది తవిటమ్మ.

మూడు బోల్టులకు మళ్లీ తుప్పు వదిలించింది. పులుపు మిగలకుండా బూడిద నీళ్లతో కడిగింది. ఒకదాన్ని తడిగానే వదిలింది. రెండోదాన్ని గుడ్డతో తుడిచింది. మూడోదాన్ని తుడిచి, పొయ్యి పక్కన వెచ్చబెట్టి, ఆముదం రాసింది.

మర్నాడు చూస్తే మొదటిది ఎర్రబడింది. రెండోదానికి అక్కడక్కడా మచ్చలు. మూడోది మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది.

"ఓలమ్మా, దొంగ నీరే! ఆముదం తలుపేస్తే లోనికి రానేదు!" అని చప్పట్లు కొట్టుకుంది.

కడ్డీనీ అలాగే శుభ్రం చేసింది. అప్పుడు కనిపించింది. తుప్పు పోయినచోట, కడ్డీ నడుమ లోతుగా ఒక గొయ్యి. తుప్పు ఎప్పుడో ఇనుమును తినేసింది.

లింగన్న తొంగిచూశాడు. "మైనం కూరి మసి రాసెయ్, పిల్లా. చెప్పావంటే నీ కొలువు నువ్వే పీక్కున్నట్టు."

తవిటమ్మ చెయ్యి మైనం దాకా వెళ్లింది. ఘాటీ మలుపులు, కారులో కూర్చునే పసివాళ్లు గుర్తొచ్చారు. చెయ్యి వెనక్కి తీసుకుంది. కడ్డీని ఉన్నదున్నట్టే బిగించి, కారు కదిలేలోగా రాజుగారికే చెప్పాలనుకుంది.

పండగ రోజు వచ్చింది. రాజు దీపాలమీద చెయ్యి వేశాడు. వెండిరంగు పెచ్చులుగా ఊడి, అడుగునున్న తుప్పు వేళ్లకు అంటింది. తలుపు లాగాడు. అరిగిన బందు విరిగి, తలుపు చేతికొచ్చింది.

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "తవిటమ్మా! నీ పనిలో లోపముందా?"

"ఉంది మారాజా. తుప్పు వదిలింది గానీ, దాని కింద గొయ్యి తేలింది. కొలువు తీసేస్తే తీసెయ్యండి. ఈ కడ్డీతో మాత్రం ఘాటీ దిగకండి."

రాజు నమ్మలేక, నిలబడి ఉన్న కారులోనే ఎక్కి బ్రేకు గట్టిగా తొక్కాడు. ఠప్పుమని కడ్డీ రెండు ముక్కలైంది. రాణి పిల్లలను దగ్గరకు లాక్కుంది.

రాజు నెమ్మదిగా దిగాడు.

"లోపం కనిపిస్తే కొలువు తీస్తానన్నాను. దాచడం మీకు నేనే నేర్పాను," అన్నాడు. "ఇకమీదట లోపం చూపినవారికే నా కొలువులో పెద్దపీట. తవిటమ్మా, బండ్లశాలకు నువ్వే పెద్దవు. మీరిద్దరూ ఆమె దగ్గర పని నేర్చుకోండి."

ఆ రోజు కారు కదల్లేదు. కొత్త కడ్డీ చేయించి, ఆముదం రాసి బిగించాక, ఇంకో రోజు అందరూ నవ్వుతూ ఘాటీ దిగారు.

కాబట్టి పిల్లలూ, దాచిన తుప్పు ఇనుమును తింటుంది, దాచిన లోపం మనిషిని తింటుంది. బయటపెట్టినప్పుడే రెండింటికీ మందు దొరుకుతుంది.