నల్లబురద సాక్ష్యం

ఉప్పెన వచ్చి ఉప్పుపాలేన్ని మింగేసింది. బతికి బయటపడ్డవాళ్ళకు రాజుగారు మెరక మీద పాకలు వేయించి, చుట్టూ కంచె కట్టించి, వాటిని పంచే పని శరభరాజనే అధికారికి అప్పగించారు. ఆయనకు మనుషులకన్నా నియమాలంటే ప్రేమ.

"ఊరి పేరు చెప్పి దొంగలు దూరతారు. మీరు ఉప్పుపాలెం వాళ్ళేనని, ఆ ఊరివాడే ఒకడు లోపలినుంచి చెప్పాలి. అప్పుడే పాక," అన్నాడు.

లోపల ఒక్కడూ లేడు. మరి చెప్పేదెవరు? జనం కంచె బయట చలిగాలికి వణుకుతుంటే, లోపల పాకలు ఖాళీగా పడున్నాయి.

ఉప్పుమళ్ళలో పనిచేసే నూకాలు ముందుకొచ్చింది. "బాబూ, మా ఊరాయన ఒకాయన లోపలే ఉన్నాడు."

"ఎవడు?"

"నా మొగుడు. పొద్దున మీ భటులే కంచె లోపలికి మోసుకెళ్ళి పాతిపెట్టారు. ఆయనకి సాక్ష్యం ఎవరు చెప్పారు?"

"శవానికి సాక్ష్యమెందుకే? ఒళ్ళంతా ఉప్పుమళ్ళ నల్లబురద. ఏ ఊరివాడో చూస్తేనే తెలిసిపోలా?"

నూకాలు చేతులు చాపింది. మోచేతులదాకా అదే నల్లబురద ఎండి పెచ్చులు కట్టి ఉంది. "చచ్చినోడికి చెల్లిన గుర్తు, బతికున్న పాపానికి నాకు చెల్లదా బాబూ?"

భటులు తలలు దించుకున్నారు. శరభరాజు కంచె తడిక తీయించాడు. నూకాలు లోపలికెళ్ళి తడిక పక్కనే నిలబడి, ఊరివాళ్ళందరికీ సాక్ష్యం చెప్పింది.

సాయంత్రం పక్కపాక ముసలమ్మ వేణ్ణీళ్ళు తెచ్చి, "చేతులు కడుక్కోవే," అంది.

"ఉండనీ అత్తా," అంది నూకాలు. "రేపు ఈ అధికారి పోయి ఇంకొకాయన వస్తే?"