వీపు మీద రెండు మచ్చలు

తనకు దొరికిన పురుగును గురువుగారు కాజేస్తారేమోనన్న అనుమానం భానోజీకి ఒక మధ్యాహ్నం మొదలైంది. మొదలయ్యాక మరి ఆగలేదు.

భానోజీ పరిశోధన విద్యార్థి. మారేడుమిల్లి అడవి అంచున ఒక పెంకుటింట్లో ఉండే కాశీపతి మాస్టారి దగ్గర పెంకుపురుగులను పోల్చుకోవడం నేర్చుకుంటున్నాడు. మాస్టారు ఉద్యోగం విరమించి చాలాకాలమైంది. అయినా ఎవరైనా కొత్త జాతి పురుగు దొరికిందని రాస్తే, ఆయన ఔనంటేనే పదిమందీ ఔననేవారు.

వానలు వెనకబట్టాక, పుచ్చిన దుంగ బెరడు కింద భానోజీకి పెసరగింజంత పురుగు ఒకటి దొరికింది. నల్లటి ఒళ్ళు, వీపు మీద రెండు పసుపు మచ్చలు. అలాంటిది ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని ఎండబెట్టి, అట్టముక్క మీద అంటించి, బొమ్మ గీసి, వర్ణన రాశాడు. చనిపోయిన తల్లి పేరు దానికి పెట్టి మాస్టారి ముందుంచాడు.

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత పురుగును తన బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఉండనీ."

"ఎప్పటిదాకా అండీ?"

"చూద్దాం."

మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే అడవిలోకి వెళ్ళసాగారు. ఎప్పుడూ వెంట రమ్మనే మనిషి ఇప్పుడు రమ్మనలేదు. "నేనూ వస్తానండీ" అంటే, "నువ్వు చదువుకో" అన్నారు.

భానోజీకి అన్నం సయించలేదు. ఎక్కడో ఒక పెద్దాయన శిష్యుడి పనిని తన పేరుతో అచ్చేసుకున్నాడని, ఇదేమిటని అడిగిన శిష్యుడికి పట్టా దక్కలేదని లోగడ విన్న కథ పదే పదే గుర్తొచ్చింది. మాస్టారు మౌనంగా ఉంటే ఏదో ఎత్తు వేస్తున్నారనిపించింది. ఆప్యాయంగా ఇంకాస్త పప్పు వడ్డిస్తే అనుమానం మరీ ముదిరింది. ఒకరోజు చాటుగా వెంట వెళ్ళాడు. ఆయన అదే దుంగ దగ్గర, భానోజీ చెప్పిన చోటే గొంతుక్కూర్చుని బెరడు ఎత్తి చూస్తున్నారు.

ఆయన అడవి నుంచి వచ్చి స్నానానికి వెళ్ళినప్పుడు భానోజీ బీరువా తెరిచాడు. తాళంచెవి ఎప్పుడూ ఉండే కిటికీ గూట్లోనే ఉంది.

తన పురుగు అలాగే ఉంది. దాని పక్కన ఇంకొన్ని అట్టముక్కలు, వాటి మీద అదే పరిమాణంలో పురుగులు. ఒక్కొక్కదాని కిందా మాస్టారి దస్తూరి: సేకరించినది, కాశీపతి.

వెనక అలికిడైంది. తడి తువ్వాలు భుజాన వేసుకుని మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇవేంటండీ?" భానోజీ ఆ అట్టముక్కలు చూపించాడు. "మా అమ్మ పేరు తీసేసి మీ పేరు పెట్టుకుంటారా?"

మాస్టారు కోప్పడలేదు. "కాసిని నీళ్ళు వెచ్చబెట్టు" అన్నారు.

భానోజీ గోరువెచ్చటి నీళ్ళు గిన్నెలో తెచ్చాడు. కానీ పురుగును ఆయన చేతికివ్వడానికి మనసొప్పలేదు. దాన్ని పాడుచేసేస్తే?

"నువ్వే నీళ్ళల్లో వెయ్యి." ఆయన సన్నటి కుంచె ఒకటి అతని చేతిలో పెట్టారు. "నాననిచ్చి, వీపు మెల్లగా తుడువు."

భానోజీ తుడిచాడు. ఎడమ మచ్చ కుంచెకు అంటుకుని వచ్చేసింది. కుడిదీ వచ్చేసింది. పుచ్చిన దుంగ మీది బూజు పొడి నీళ్ళల్లో పసుపురంగుగా తేలింది. అతని పురుగు నున్నగా, నల్లగా మిగిలింది. మాస్టారి పురుగుల్లాగే.

"నాకు దొరికిన ఒక్కదానికీ మచ్చ లేదు," అన్నారు మాస్టారు. "నువ్వు వెంట ఉంటే మచ్చలున్న దాన్నే వెతికేవాడివి."

భానోజీ కుంచె కింద పెట్టాడు. "అయితే ఇది కొత్త జాతి కాదాండీ?"

"ఏమో. నువ్వు దాని కాళ్ళ గురించి రాయలేదు. మూతి గురించి రాయలేదు. రాసిందంతా మచ్చల గురించే."

"మిమ్మల్ని అనుమానించానండీ," అన్నాడు తలెత్తకుండానే.

మాస్టారు మైక్రోస్కోపును అతని ముందుకు జరిపారు.

"అనుమానం మంచిదే నాయనా. ఇన్నాళ్ళూ నన్ను చూసిన కళ్ళతో దీన్ని చూడు."