గోడ మీది అంకె

జకరయ్య మాస్టారికి వాదించే అలవాటు లేదు. ఒంగోలులో ఓ మేడ మీది గదిలో ఆయన కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నేర్పేవారు. ఎవరైనా లోకం గురించి ప్రశ్న వేస్తే, స్టూలు చూపించి ఏదో ఒక యంత్రం ముందు కూర్చోమనేవారు.

ఒక సాయంత్రం ఆయన పాత శిష్యుడు క్రాంతికిరణ్ మండిపడుతూ వచ్చాడు. మా విద్యార్థి సంఘానికి అతనే కార్యదర్శి. కాసేపట్లో సమావేశం. నీలవేణిని ద్రోహిగా ప్రకటించి సంఘం నుంచి వెలివేయాలని అతనే తీర్మానం రాశాడు. పగలు ధర్నాలు, రాత్రి బస్తీలో బడి, ఆ పిల్ల బతుకంతా అదే. నిరాహార దీక్షలో మిగతావాళ్లు మధ్యలోనే విరమించినా తను లేవలేదు. ఆ తర్వాత ఏమైందో, పిలిచినా గడప దాటడం మానేసింది.

"నిప్పులా పనిచేసిన మనిషి ఇవాళ ఒక్క కరపత్రం రాయమంటే ఏడుస్తోంది. పోరాటంలో అలసట అంటే శత్రువు పక్షం చేరడమే. ఇది ద్రోహం కాదా మాస్టారూ?"

మాస్టారు మూలనున్న కంప్యూటర్ చూపించారు. క్రాంతి దాన్ని గుర్తుపట్టాడు. చదువు ముగించే ప్రతి బ్యాచీ ఆ గదిలో ఒక పందెం వేసుకునేది. కంపెనీ చెప్పిన దానికన్నా ఎవరి యంత్రం వేగంగా నడిస్తే వాళ్ల అంకె గోడ మీద పెయింటుతో ఎక్కేది. అన్నిటికన్నా పైనున్న అంకె దీనిదే. ఇప్పుడది కంపెనీ వేగం కూడా లేకుండా మెల్లగా నడుస్తోంది. కొత్తగా చేరినవాళ్లు దాని మీద టైపింగ్ నేర్చుకుంటున్నారు.

"ఇదేంటి మాస్టారూ, పందెం గుర్రాన్ని జట్కాకి కట్టారు!"

"నీకు తోచినట్టు చెయ్యి నాయనా."

క్రాంతి బయోస్ తెర తెరిచాడు. ప్రాసెసర్ ఎంత వేగంగా నడవాలో, అందుకు ఎంత వోల్టేజీ అందాలో నిర్ణయించేది అక్కడే. వేగాన్ని కంపెనీ అంకెకు పెంచాడు. యంత్రం లేచింది గానీ, పరీక్ష పెట్టగానే బిగుసుకుపోయింది.

"బద్ధకం" అంటూ వోల్టేజీ కాస్త పెంచాడు. కాసేపు నడిచి ఆగింది. ఇంకాస్త పెంచాడు. ఈసారి ఆగలేదు.

"చూశారా! ఒత్తిడి పెడితే లేవనిదంటూ ఉండదు."

మిల్లు యజమానులు మాట్లాడే మాట ఇది. మన జెండా పట్టుకున్నవాడి నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో! నినాదాలు మార్చుకున్నాం. కొరడా మాత్రం అదే.

అతను గోడవైపు చూసి ఆ పై అంకెనే కొట్టాడు. తెర నీలంగా మారి ఆగిపోయింది. మళ్లీ వోల్టేజీ. మళ్లీ ఆగింది. మళ్లీ వోల్టేజీ. ఫ్యాను అరుస్తోంది. పెట్టె వెనక నుంచి వేడిగాలి ముఖానికి కొడుతోంది. మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కసారిగా తెర నల్లబడింది. క్రాంతి మీట నొక్కి చూశాడు. బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి, సెట్టింగులన్నీ చెరిపి, మళ్లీ పెట్టి చూశాడు. వెలగలేదు.

"మొదట్లో ఉన్న వేగంలోనే ఉంచేస్తాను మాస్టారూ. టైపింగుకైనా పనికొస్తుంది కదా?"

"ఇక రాదు."

అప్పుడే అతని ఫోను మోగింది. సమావేశం నుంచి ఎవరో ఉత్సాహంగా అరుస్తున్నారు: "నువ్వు రాకపోయినా తీర్మానం పెట్టేశాం అన్నా! అందరూ చేతులెత్తారు. నీలవేణి ఇంటికెళ్లి మొహం మీదే చదివొచ్చాం. ఒక్క మాట మాట్లాడితే ఒట్టు!"

క్రాంతి ఫోను దించాడు. మాస్టారివైపు తిరిగాడు.

"నేను పెంచుతుంటే చూస్తూ నిలబడ్డారు. చాల్లేరా అని ఒక్క మాట చెప్పొచ్చు కదా మాస్టారూ!"

మాస్టారు ప్లగ్గు పీకి వైరు చుట్టారు.

"ఆగిపోయిన ప్రతిసారీ అది ఆ మాటే చెప్పింది కదా నాయనా."