వీరాయమ్మ కేసు షీటు

డాక్టర్ విస్సంరాజుగారిని ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్ళు వెనకాల నడవాలి. జవాబు ఏ మంచం దగ్గర ఉందనుకుంటే అక్కడ ఆగుతారు. లంక గ్రామాల జనం వచ్చే మా ధర్మాసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళుగా ఇదే వరస.

ఆ ఆదివారం ఉదయం అడిగింది మైథిలి. ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న మాలో అందరికన్నా చిన్నది, అందరికన్నా ఎక్కువ కష్టపడేది. షుగరు రోగుల కోసం రంగుల బొమ్మలతో పుస్తకం వేయించింది. మందులిచ్చే కిటికీ పక్కన జాగ్రత్తలు చూపించే టీవీ పెట్టించింది. ఇంటికి వెళ్ళే ప్రతి రోగికీ సూచనలు చదివి వినిపించి, "అన్నీ వివరించారు, నాకు అర్థమయింది" అన్న కాగితం మీద వేలిముద్ర తీసుకునే పద్ధతి కూడా ఆమె తెచ్చిందే. అయినా వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే తిరిగొస్తున్నారు.

"చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాం సార్. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఇంకా ఏం చేస్తే వీళ్ళ తలకెక్కుతుంది?" అంది. మేమంతా తలలూపాం. నా తల కాస్త గట్టిగానే ఊగింది.

ఆయన చెప్పులు వేసుకున్నారు.

ఆగింది వీరాయమ్మ మంచం దగ్గర. అరవై దాటిన మనిషి, పూలు కట్టి అమ్ముకుంటుంది. ముందురోజు సాయంత్రం ఒళ్ళంతా చెమటలతో, తెలివి లేకుండా ఆటోలో వచ్చింది. రక్తంలో చక్కెర బొత్తిగా పడిపోయింది. రెండు నెలల్లో ఇలా రావడం మూడోసారి. ఇంకో పావుగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు. నాలుగోసారి దక్కుతుందన్న పూచీ కూడా లేదు.

విస్సంరాజుగారు కేసు షీటు తీసి మైథిలి చేతికిచ్చారు. "ఆవిడ గురించి రాసిందేగా. ఆవిడకే చదివి వినిపించు" అన్నారు.

మైథిలి మొహం పాలిపోయింది. షీటు పైన పేరు, దాని కింద ఎర్రసిరాతో రెండు ముక్కలు. రాసింది తనే. రోగి ఎదుట చదవాల్సి వస్తుందనుకుంటే ఎవరూ అలాంటివి రాయరు. గొంతు బాగా తగ్గించి చదివింది. "చెప్పిన మాట వినదు. ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు."

వీరాయమ్మ కోప్పడలేదు. కోప్పడితే మాకు కాస్త తేలిగ్గా ఉండేది. చీర కొంగు సర్దుకుని లేచి కూర్చుంది.

"ఇన్నానండి డాక్టరమ్మగారూ. మొదట్లో సుగరు మాత్ర మానేత్తే మీరు కేకలేశారు కదండి, తిన్నా తినకపోయినా మాత్ర మటుకు మానొద్దని. ఒట్టేసినట్టు ఆ మాట పట్టుకున్నానండి. ఆకరికి శనివారం కూడా మానలేదు."

"శనివారం ఏమిటమ్మా?" అన్నారు ఆయన.

"ఎంకన్నబాబుకి ఒక్కపొద్దండి. సాయంత్రం దీపం ఎట్టేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టను. మాత్ర మటుకు పొద్దున్నే ఏసేసుకుంటాను, డాక్టరమ్మగారి మాట పోకూడదని."

మూడుసార్లూ ఆవిడ వచ్చింది శనివారం నాడే. తారీఖులు మా చేతిరాతతోనే షీటు మీద ఉన్నాయి. ఖాళీ కడుపులో ఆ మాత్ర పడితే చక్కెర పడిపోతుందని మాలో తెలియనివాళ్ళు లేరు. మా అమ్మ కూడా శనివారాలు ఒక్కపొద్దుంటుంది. అయినా వీరాయమ్మని ఆ సంగతి అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

"ఒక్కపొద్దుంటానని నాతో ఒక్కమాట చెప్పొచ్చు కదమ్మా?" అంది మైథిలి, దింపుడు కళ్ళం ఆశతో.

"సెబుదామనే అనుకున్నానండి. నా ఎనకాల ఇంకా పదిమంది కూకునున్నారు, మీరేమో గబగబా సదివేత్తున్నారు. అర్థమైందా అన్నారు, ఆయ్ అన్నాను. ఏలెయ్యమన్నారు, ఏసేను."

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అలాంటి ఎర్రసిరా మాటలు నా చేత్తో ఎన్ని రాశానో గుర్తు లేదు. రాసిన ప్రతిసారీ ఒక బరువు దిగినట్టు హాయిగా ఉండేదని మాత్రం గుర్తుంది. ఈ మనిషి మమ్మల్ని నమ్మి, నమ్మినందుకే మూడుసార్లు చావు అంచుదాకా వెళ్ళింది. మేం ఆ తప్పు ఆవిడ పేరునే రాసి పెట్టాం.

మైథిలి స్టూలు లాక్కుని కూర్చుంది. రోగి పక్కన ఆమె కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు. ఈసారి పుస్తకం తీయలేదు. "తప్పు నాదేనమ్మా. తినకపోయినా వేసుకోమని నేను చెప్పడమే తప్పు" అని, ఖాళీ కడుపుతో ఆ మాత్ర ఏం చేస్తుందో నెమ్మదిగా చెప్పింది. తరవాత, "వచ్చే శనివారం పొద్దున లేచి ఏం చేస్తావో ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అంది.

"అన్నం లేని పూట ఈ మాత్ర లేదన్నమాటండి. ఇంతేనా? ఈ ముక్క ముందే సెబితే మీకింత శ్రమ లేకపోను కదండి" అంది వీరాయమ్మ. ఆవిడ జాలిపడింది మా మీద. మైథిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

షీటు ఒళ్ళో పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీసి, ఆ ఎర్రసిరా మాటలు కొట్టెయ్యబోయింది. విస్సంరాజుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మాటలు ఉండనీ అమ్మాయ్. పైన పేరు మార్చు."