కాసులమ్మ కొండమిరప నూనె

అరకు పక్క ఒక గూడెంలో కాసులమ్మ అని నాటుమందులు ఇచ్చే ఆవిడ ఉండేది. హస్తవాసి మంచిదే కానీ, తనకు తెలిసింది పిసరంత కూడా పైకి పొక్కనిచ్చేది కాదు.

ఆ కొండ మీద ఎవరూ నాటకుండానే మొలిచే మిరప ఉంది. కాయ గోరంత, కారం కొండంత. కాసులమ్మ ఆ పండుకాయలు ఎండబెట్టి, వలిసె నూనెలో సన్నసెగ మీద కాచి, కీళ్లకు రాసేది. పట్టేసిన మోకాళ్లు వదులయ్యేవి. ఎంత నూనెకు ఎన్ని కాయలో మాత్రం ఆవిడకే ఎరుక.

"నాకూ నేర్పు అత్తా! నీ తర్వాత మాకెవరు దిక్కు?" అని పక్కింటి చిలకమ్మ రోజూ ప్రాణం తీసేది. పోరు పడలేక, "గరిటెడు నూనెకు దోసెడు కాయలు. వడకట్టక్కర్లేదు" అంది కాసులమ్మ. అది పచ్చి అబద్ధం. పాపం, చిలకమ్మ నమ్మింది.

వారం తిరక్కుండానే కాసులమ్మ వాగులో రాయి మీద జారిపడింది. మోకాలు బూరెలా పొంగింది. కుడి చెయ్యి లేవలేదు. బుడ్డిలో కాచిన మందునూనె చుక్క లేదు. ఆ కాలు అలాగే బిగుసుకుపోతే ఇక కొండెక్కడం కల్ల.

చిలకమ్మ గబగబా చూరులోని ఎండుకాయలు దోసెడు తీసి, గరిటెడు నూనెలో కాచి తెచ్చింది. "కాలు చాపు అత్తా."

కాసులమ్మకు తన అబద్ధం గుర్తొచ్చింది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే తోలు పోతుంది! పరువే ఎక్కువనుకుంది మహాతల్లి. కాలు చాపింది.

"ఓలమ్మో! కాలిపోతోందే!"

ఆ కేకకు గూడెమంతా పోగయింది. చిలకమ్మ కంగారుగా చెంబు ఎత్తింది.

"నీళ్లు కాదే! ఉత్త నూనె రాసి తుడువు!"

తుడుస్తూ చిలకమ్మ ఏడ్చేసింది. "నువ్వు చెప్పినట్టే చేశానత్తా. నా చేతిలోనే ఏదో దోషముంది. ఇక ఈ మందు ముట్టను." ఆమె అరచేతులూ ఎర్రగా కందిపోయాయి. వాటి సంగతి ఆమె ఎత్తనేలేదు.

ఆ చేతులు చూసి కాసులమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "దోషం నీ చేతిది కాదే, నా నోటిది" అని అందరి ముందూ ఒప్పుకుంది. "సోలెడు నూనెకు పది కాయలే. రెండుసార్లు వడకట్టాలి. పుండు మీద రాయకూడదు. అందరూ వినండి!"

బొబ్బలు మానడానికి పదిహేను రోజులు పట్టింది. అప్పటిదాకా మోకాలికి మందు రాసే వీల్లేకపోయింది. ఆ తర్వాత చిలకమ్మే సరిగ్గా కాచి రాసింది. కాసులమ్మ మళ్లీ కొండెక్కింది గానీ, కొంచెం కుంటుతూనే.

తెలిసిన విద్య దాచుకుని పక్కవాళ్లకు తప్పు నేర్పితే, ఆపదలో ఆ తప్పే మనకు మందుగా వస్తుంది.