పచ్చరంగు పడిన ఇల్లు

పానకాలరావు మాస్టారిని ఏదైనా అడిగితే ఆయన కూర్చుని జవాబు చెప్పడం అరుదు. చెప్పులు వేసుకుని బయలుదేరతారు. పురపాలక సంఘాల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, మా శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరినవాళ్ళకు పాఠాలు చెప్పేవారు. ఆ రోజు ఆయన్ని లేపింది మా బ్యాచ్‌లోని హిమజ.

ఎవరూ అడగకుండానే హిమజ ఒక పని చేసింది. మా కేంద్రం ఉన్న పట్టణంలో పన్నుల సెక్షన్‌కు ఒక ఇళ్ళ జాబితా ఉంది, మంచినీళ్ళ సెక్షన్‌కు ఇంకొకటి, పారిశుద్ధ్యం వాళ్ళకు మరొకటి. ఒకరి జాబితా మొహం ఇంకొకరు చూడరు. మూడింటినీ తెచ్చి, రెండు వారాలు కూర్చుని, ఒకటిగా కలిపింది.

"మాస్టారూ, నలభై వేల ఇళ్ళలో ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు మూడు జాబితాల్లోనూ కలిశాయి. నూటికి తొంభై ఆరు! కలిసిన వాటికి పచ్చరంగు వేశాను. మిగిలిన నాలుగు శాతం కోసం ఆగడం ఎందుకు? దీన్నే ఊరంతటికీ ఒకే జాబితాగా ప్రకటించకూడదా?"

మాస్టారు ఆమె కంప్యూటరు తెర మీదికి వంగారు. "ఏడో వార్డులో 7-42 ఏ రంగులో ఉంది?"

హిమజ వెతికింది. "పచ్చేనండీ."

"అయితే పదండి," అన్నారు.

ఆ ఇంట్లో ఉండే మస్తానమ్మ పొద్దున్నే ఆయన గుమ్మంలోకి వచ్చి ఏడ్చి వెళ్ళిన సంగతి మాకప్పటికి తెలియదు. దారిలో ఆయన ముగ్గురికి ఫోన్లు చేశారు. పన్నుల బిల్ కలెక్టరుకు, నీళ్ళ ఫిట్టరుకు, శానిటరీ మేస్త్రికి. ముగ్గురికీ ఒకటే మాట: "7-42 దగ్గరికి రా నాయనా, పనుంది."

మేం వెళ్ళేసరికి మస్తానమ్మ వాకిట్లో నిలబడి ఉంది. పక్కన బకెట్టు. అందులో నీళ్ళు పలచటి టీ రంగులో ఉన్నాయి. వాసనకు హిమజ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నువ్వు ముక్కు మూసుకుంటున్నావు తల్లీ, మా పిల్ల ఈ నీళ్ళే తాగింది," అంది మస్తానమ్మ. "కామెర్లు. పెద్దాసుపత్రిలో పడుంది. రేపు ఇంటికి పంపిస్తారంట. వచ్చినాక మళ్ళీ ఇయ్యే తాపియ్యాలా? మూడుసార్లు కంప్లైంటు పెట్టినా. ఒక్కడు రాలా. ఇదిగో, ఇది మాత్రం వచ్చింది."

ఆమె చేతిలోని ఫోన్లో ఒక ఫోటో ఉంది. మెరిసే ఇత్తడి కుళాయి, దాని కింద అద్దంలాంటి నీళ్ళు. 'మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

మస్తానమ్మ కుళాయి ప్లాస్టిక్‌ది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరింట్లోనో తేటనీళ్ళు ఫోటో తీసి ఈమె నోటికి తాళం వేశారన్నమాట!

అంతలో వీధి మొదట్లో, ఎప్పుడూ మూసి ఉండే బియ్యం కొట్టు ముందు ఒక మోటారు సైకిలు ఆగింది. వీధి చివర అపార్టుమెంటు గేటు దగ్గర ఇంకొకటి ఆగింది. మూడోది, బిల్ కలెక్టరుది, సరాసరి మస్తానమ్మ గడప దగ్గరికే వచ్చింది. మాస్టారి ఫోను మోగింది.

"వచ్చానండీ. 7-42 దగ్గరే ఉన్నా. మీరెక్కడ?" అన్నాడు బియ్యం కొట్టు దగ్గరి ఫిట్టరు.

"నేనూ 7-42 దగ్గరే ఉన్నానయ్యా. కాస్త తల తిప్పి చూడు."

అపార్టుమెంటు దగ్గరి మేస్త్రి కూడా ఫోను చెవిన పెట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. హిమజ మొహంలో రంగు మారిపోయింది. ఇంటివాళ్ళ పేర్లు ఒక్కో జాబితాలో ఒక్కో రకంగా ఉన్నాయని, ఆమె పేర్లు వదిలేసి నంబర్లతోనే కలిపింది. 7-42 మూడు జాబితాల్లోనూ ఉంది కాబట్టి కంప్యూటరు సంతోషంగా పచ్చరంగు వేసింది. మూడు ఇళ్ళను ఒకే ఇల్లుగా కట్టేసింది.

ముగ్గురూ ఒకచోట చేరగానే తగువు మొదలైంది.

"అయిదేళ్ళ కిందటే నంబర్లు మార్చాం. మాదే సరైన నంబరు," అన్నాడు బిల్ కలెక్టరు.

"మార్చినట్టు మాకెవరు చెప్పారు? మాది గొట్టాలు వేసినప్పటి నంబరు. ఆ కొట్టు పక్క కుళాయి తిప్పా, నీళ్ళు బాగున్నాయి, ఫోటో పెట్టా," అన్నాడు ఫిట్టరు.

"మీ ఇద్దరి గొడవ నాకెందుకు? మా చెత్తబండి తిరిగే వరసలో నలభై రెండోది ఆ గేటే," అన్నాడు మేస్త్రి.

"మీరు అడగలేదు, మేం చెప్పలేదు," అని బిల్ కలెక్టరు భుజాలెగరేశాడు.

మస్తానమ్మ అతనికేసి తిరిగింది. "నువ్వు మాత్రం ఏటా తప్పకుండా వస్తావయ్యా. పన్నుకి మా గడప దొరుకుతుంది. నీళ్ళకి దొరకదు. ఏందయ్యా ఈ న్యాయం?"

మాస్టారు ఫిట్టరు భుజం మీద చెయ్యి వేసి, "ముందు తవ్వు," అన్నారు. అతను ఇద్దరు కూలీలను పిలిపించి వాకిలి పక్కన తవ్వించాడు. ఇంటి గొట్టం సైడు కాలువ కిందుగా పోయేచోట నిలువునా చీలి ఉంది. వారాలుగా కాలువలోని మురుగు నీరు అందులోకే దిగుతోంది. చీలిన ముక్క తీసి, కొత్త గొట్టం వేసి, మట్టి పూడ్చి, నీళ్ళు తేటగా వచ్చేదాకా వదిలాడు. పూటలో సగం కూడా పట్టని పని! దానికోసం ఒక పిల్ల ఆసుపత్రి మంచం ఎక్కింది.

మస్తానమ్మ బకెట్టు కడిగి, ఎవరికీ దణ్ణం పెట్టకుండా లోపలికి వెళ్ళిపోయింది. సరిగ్గానే చేసింది.

హిమజ కళ్ళు తుడుచుకుని, "మాస్టారూ, ఒప్పుకుంటాను. ఇంటింటికీ నేనే తిరుగుతాను. కానీ ఈ మూడు నంబర్లలో ఏది ఉంచమంటారు?" అని అడిగింది.

మాస్టారు ఆ ముగ్గురినీ అడిగారు. "అమ్మాయి మీకు ఒకే నంబరు ఇస్తుంది. బాగుంది. వచ్చే ఏడాది ఈ ఇల్లు రెండు వాటాలైందనుకోండి. ఆ సంగతి రాసి, మిగతా ఇద్దరికీ చెప్పే బాధ్యత ఎవరిది?"

బిల్ కలెక్టరు ఫిట్టరును చూశాడు. ఫిట్టరు మేస్త్రిని చూశాడు. మేస్త్రి మోటారు సైకిలు తాళం తీశాడు.

"అది మా సెక్షన్ పని కాదు కదండీ," అన్నారు ఇంచుమించు ఒకేసారి.

మాస్టారు కొత్తగా పూడ్చిన మట్టి వంక చూడలేదు. ఆ ముగ్గురి మధ్య ఖాళీగా ఉన్న చోటును వేలితో చూపించారు.

"పగిలింది ఇక్కడమ్మా," అన్నారు.