సీతాకోకచిలుక రెక్కల మీద అత్తచామంతి

ఒకప్పుడు సీతాకోకచిలుకకు రంగుల్లేవు. ఉతికి ఆరేసిన గుడ్డముక్కలా తెల్లగా ఉండేది. పైగా దానికి ఒక్కచోట కుదురుండేది కాదు. ఈ పువ్వు మీద వాలిందా, మనం కళ్ళార్పేలోపు ఆ పువ్వు మీద ఉండేది.

ఆ రోజుల్లో సూర్యుడు, గాలి, మబ్బు అందరూ మనుషులతో మాట్లాడేవాళ్ళు. మాట్లాడటమేంటి, పోట్లాడేవాళ్ళు కూడా!

అప్పుడు ఒక కొండ కింద చెంగమ్మవ్వ అనే ముసలమ్మ ఉండేది. ఆమె తోటనిండా చామంతులే. పసుపుముద్ద, ఇటుకపొడి, వెన్నచామంతి, చిట్టిచుక్క... అన్నీ పాతకాలపు నాటు రకాలు. పువ్వు విచ్చితే చాలు, అవ్వ వాకిట్లో నిలబడే దాని పేరు చెప్పేసేది.

"చామంతుల సంగతి నాకు చెప్పేవాళ్ళు ఇంకా పుట్టలేదు!" అనేది, కొంగు నడుముకి దోపుకుని.

అన్నిట్లోకీ ఆమెకు ప్రాణం అత్తచామంతి. పాలలాంటి తెలుపు, ఒక్కో రేకు కొసన పిసరంత గులాబీరంగు. ఏడాదికి మూడే మూడు రోజులు పూస్తుంది. చెంగమ్మవ్వ అత్త పోయేముందు ఆ మొక్కను కోడలి చేతిలో పెట్టి, "నేను నిన్ను చాలా తిట్టాను చెంగీ. ఇది తీసుకో, పోగొట్టకు" అంది. ఆమె మెత్తగా మాట్లాడింది ఆ ఒక్కసారే. అందుకే అవ్వకు ఆ మొక్కంటే అంత ఇది.

ఒక ఏడాది అత్తచామంతి పూసిన రోజు, తెల్ల సీతాకోకచిలుక దాని మీద వాలి, మొదటిసారి కదలకుండా ఉండిపోయింది.

"అవ్వా, ఇంత అందమైనది మూడు రోజులకే పోతుందా?" అంది.

"పోతుందే. మళ్ళీ ఏడాది పూస్తుందిలే" అంది అవ్వ.

"అందాకా నేను ఏం చూసుకోను?" అని అది ఏడుపు మొదలుపెట్టింది. ఏడ్చి ఏడ్చి సూర్యుడి వైపు తిరిగింది. "సూరీడు తాతా! పొద్దస్తమానం చెట్లకీ గోడలకీ నల్లటి నీడలు గీస్తుంటావు కదా. నాకు ఈ పువ్వును రంగుల్లో గీసివ్వవా?"

సూర్యుడు మురిసిపోయాడు. అంతవరకూ ఆయన్ని ఎవరూ ఏమీ గీయమని అడగలేదు మరి.

"గీస్తాను. దేని మీద గీయను?"

"నా రెక్కలున్నాయిగా, ఖాళీగా!"

"సరే. తెరువన్నప్పుడు రెక్కలు తెరువు, మూయన్నప్పుడు మూయి. తెరిస్తే గీస్తాను, మూస్తే రంగు పట్టుకుంటుంది. మధ్యలో కదిలావో, అంతా అలికేసినట్టవుతుంది."

మొదటి రోజు సీతాకోకచిలుకకు కాలు దురద పెట్టింది. గోక్కుంది. బొమ్మ అలుక్కుపోయింది. రెండో రోజు తేనెటీగ వచ్చి, "ఏం వదినా, నిద్రపోతున్నావా?" అని గుద్దుకుంది. బొమ్మ మళ్ళీ చెడింది. మిగిలింది మూడో రోజు. రేకులప్పటికే వాడుతున్నాయి. సీతాకోకచిలుక పళ్ళ బిగువున కూర్చుంది. పళ్ళెక్కడివి అంటారా? నేను పక్కన లేను, అవ్వ చెప్పిందే చెబుతున్నాను.

తెరిచింది. మూసింది. తెరిచింది. మూసింది.

మధ్యాహ్నానికి రెక్కల మీద అత్తచామంతి విచ్చుకుంది! తెల్లటి రేకులు, కొసన గులాబీ, నడుమ పసుపు, పువ్వు కింద ఆకులు కూడా.

అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని అంతా చూస్తూనే ఉంది. పకపకా నవ్వింది. "పువ్వును గీయమంటే ఆకులు కూడా గీశావేం సూరీడూ? ఆకులెవరు చూస్తారు?"

"ఉన్నదంతా గీస్తానమ్మా. ఇది ఉంచు, అది తీసెయ్ అనడం నాకు రాదు."

"సర్లే. నాకెందుకు మీ బొమ్మలు? నాకు కళ్ళున్నాయి" అని అవ్వ లేచి వెళ్ళిపోయింది.

పూల కాలం అయిపోయింది. అవ్వ చామంతుల్ని మొదలుకంటా కోసింది. కొన్నాళ్ళకు మొదళ్ళనుంచి పిలకలు లేచాయి. రకానికో గంప చొప్పున పిలకలు తవ్వి, గంపల్ని వరసగా పెట్టింది. అత్తచామంతి మొదలు ఆ ఏడు నీరసించి, మూడే పిలకలు వేసింది.

"అవ్వా! రేపు పొద్దువాలేసరికి వచ్చేస్తున్నా. పది రోజులు ఉంటా. నాటుకునేవేవో నాటుకో" అని కొండ మీదనుంచి మబ్బు కేకేసింది.

మబ్బు కంటే ముందు గాలి పరిగెత్తుకొచ్చింది. దానికి ముందువెనకలు చూసే అలవాటే లేదు. వస్తూ వస్తూ గంపలన్నీ తన్నేసింది. పిలకలన్నీ కలగాపులగమై తోటంతా చిందరవందరగా పడ్డాయి.

"అయ్యయ్యో, చూసుకోలేదవ్వా!" అంది గాలి.

"పో, నాకేం భయమా? ఏరుకుంటాను" అంది అవ్వ ధీమాగా.

ఒక పిలక తీసింది. ఇంకోటి తీసింది. ఆమె మొహం మారిపోయింది. అన్నీ ఒకటే పచ్చ, ఒకటే ఎత్తు. పువ్వు లేకుండా ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

మిగతా రకాలు కలిసిపోయినా బాధ లేదు. పూశాక విడదీసుకోవచ్చు. కానీ అత్తచామంతి వేళ్ళు నీళ్ళలో నానితే కుళ్ళిపోతాయి. దాన్ని గట్టు మీదే నాటాలి. గట్టు చూస్తే జానెడు, నాలుగు మొక్కలు పడితే గొప్ప. కింద మడిలో నాటితే పది రోజుల వానకు ఆ మూడు పిలకలూ పోయినట్టే.

చీకటి పడేదాకా ఏరింది. తెల్లారి మళ్ళీ ఏరింది. మధ్యాహ్నమైనా ఒక్కటీ తేలలేదు. మట్టిలో కూలబడి, "అత్తా, నువ్విచ్చింది పోగొట్టానే" అని ఏడ్చేసింది. అంత గట్టి మనిషి ఏడవడం తోటలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు సీతాకోకచిలుక వచ్చి ఆమె మోకాలి మీద వాలింది. "అవ్వా, బొమ్మ నీకెందుకన్నావు గానీ, ఒక్కసారి చూడు."

"పువ్వు నాకు తెలుసు కదే. పిలకలో పువ్వెక్కడుంది?"

"పువ్వు కాదు. పువ్వు కింద చూడు."

అవ్వ కళ్ళు చిట్లించింది. సరిగా ఆనలేదు. రెక్కను రెండు వేళ్ళతో మెల్లగా పట్టుకుని వెలుతురుకు తిప్పింది. బొమ్మలో ఆకు ఉంది. ఆకు అంచులు మిగతా పిలకల్లా కోసుగా లేవు, గుండ్రంగా ఉన్నాయి. ఒక ఆకు తిరగబడి ఉంది. దాని వెనక బూడిద రాసినట్టు నూగు.

"ఓరి నాయనో! ముప్పై ఏళ్ళు దీని మొహం చూశాను గానీ, ఆకు వైపు ఒక్కనాడూ చూళ్ళేదే!"

లేచింది. పిలకల్ని తిరగేసి తిరగేసి చూసింది. కోసుది పక్కకి, కోసుది పక్కకి... గుండ్రనిది! వెనక బూడిద నూగు! ఒకటి దొరికింది. కాసేపటికి రెండోది. మబ్బు తోట మీదకు వంగేసరికి మూడోది గంప కిందనే దొరికింది. మూడింటినీ గట్టు మీద నాటి, మిగతావి మడిలో నాటేసి, అవ్వ పైకి చూసింది. "ఇక కురువు. ఎంత కురుస్తావో చూస్తా!"

మబ్బు కురిసింది.

చూరు కింద కూర్చున్నాక అవ్వ తన వేళ్ళు చూసుకుంది. వేళ్ళ నిండా తెలుపు, గులాబీ, పసుపు పొడి. సీతాకోకచిలుక రెక్క మీద సగం బొమ్మ చెరిగిపోయింది.

"నా పాడు వేళ్ళు! నీ పువ్వును తుడిచేశానే!"

"పోనీలే అవ్వా, అసలు పువ్వు బతికింది. పూసినప్పుడు మళ్ళీ గీయించుకుంటా."

గట్టు మీద మూడు మొక్కలూ పూశాయి. సీతాకోకచిలుక వెళ్ళి వాలింది. ఈసారి దాన్ని ఎవరూ కదలొద్దనలేదు. అవ్వ కూడా పక్కనే గొంతుక్కూర్చుంది. పువ్వును చూసింది, ఆకును చూసింది, ఆకు వెనక చూసింది. చేతులు మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంది.

అప్పటినుంచే సీతాకోకచిలుకల రెక్కల మీద ఇన్ని రంగుల బొమ్మలు. పువ్వు మీద వాలి, నిదానంగా రెక్కలు తెరిచి మూసి, తెరిచి మూసి కూర్చుంటాయి చూశారా, అప్పుడు సూర్యుడు గీస్తున్నాడన్నమాట. ఆ రంగు ఇప్పటికీ గట్టిపడలేదు. పట్టుకుంటే పొడి మీ వేళ్ళకు అంటుకునేది అందుకే. అది ఏ అవ్వ వెతుక్కుంటున్న పువ్వో మనకేం తెలుసు? చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడండి.